తిరుగు గాలి

కిటికీ ఒక్కటే ఉంటే లాభం లేదు, ఎదురుగా తలుపు కూడా తెరిచి ఉండాలి, గాలి లోపలికి రావడానికి ఒక దారి, బయటికి పోవడానికి ఒక దారి, లేకపోతే గదిలోవాళ్ళు వదిలిందే మళ్ళీ గదిలోవాళ్ళే పీల్చాలి, ఈ మాట నాన్నకు ఎన్నిసార్లు చెప్పినా వినడు, పూర్ణిమ తెరిచిన తలుపును ఆయన మూస్తాడు, కుక్కలొస్తయి బిడ్డా అంటాడు, ఆమె మళ్ళీ తెరుస్తుంది, బొగ్గుబావిలో రిటైరై ఆయన మాణికేశ్వర్ నగర్‌లోని ఈ రెండు గదుల అద్దె ఇంటికి వచ్చినప్పటి నుంచీ ఇదే తంతు, ఇవాళ మాత్రం తలుపు బార్లా తెరిచి ఉంది, ఆయన స్నానం చేసి తెల్లచొక్కా మీద ఇస్త్రీపెట్టె రుద్దుతున్నాడు, ఎక్కడికి నాన్నా అని అడగనక్కర్లేదు, నిన్ననే చెప్పాడు, నేను గూడ వస్త నీ సెమినార్‌కు, మీ సార్ ఏమన్న అంటడా, ఏమనడు నాన్నా గానీ అంతా ఇంగ్లీషుల ఉంటది, నీకు సమజ్ కాదు, కాకపోతే మాయె, బొమ్మలుంటయి గదా, బొమ్మలు చూస్త, అంతే, నాన్న ఇన్నయ్య ఒక మాట అన్నాడంటే దాని మీద ఇంకో మాట ఉండదు, ఆ బొమ్మలే కదా నాన్నా నువ్వు చూడకూడనివి అని మనసులోనే అనుకుంటూ టీ పెట్టడానికి లోపలికి వెళ్ళింది.

బొమ్మలు కాదు, బొమ్మ, ఒక్కటే, మిగతావన్నీ గీతలూ అంకెలూ, వాటిని చూస్తే నాన్నకు నిద్ర తప్ప ఇంకేమీ రాదు, ఆ ఒక్కదానిలో మాత్రం గని లోపలి సొరంగం ఉంటుంది, అటు చివర మూసుకుపోయిన సొరంగం, ఆ చివరే బొగ్గు తవ్వేది, దాన్ని ఫేసు అంటారు, అక్కడికి గాలి తనంతట తాను పోదు కాబట్టి మొగదల ఒక చిన్న ఫ్యాను పెట్టి గుడ్డ గొట్టంలోంచి కొత్త గాలిని లోపలికి తోస్తారు, మనుషులు పీల్చి వదిలిన గాలి సొరంగం వెంట వెనక్కి వచ్చి వేరే దారిలో కలిసి భూమి పైకి వెళ్ళిపోవాలి, పోవాలి కానీ ఆ చిన్న ఫ్యాను ఉండాల్సిన చోట కాక ఆ దారి కలిసే మూలకు దగ్గరగా ఉంటే బయటికి పోయే గాలినే అది పట్టుకుని మళ్ళీ గొట్టంలోకి లాగుతుంది, ఒకడు దగ్గిన దగ్గు వాడిని దాటి పోయినట్టే పోయి చుట్టు తిరిగి అందరి ముఖాల మీదికీ వస్తుంది, ఆ దగ్గును ఆమె కంప్యూటర్‌లో ఎర్రచుక్కలుగా వేసింది, చుక్కలు కదులుతాయి, పోతాయి, తిరిగి వస్తాయి, చిక్కబడతాయి, నిన్న సాయంత్రం గైడు వెంకటసుబ్బారావు గారు ఆ చుక్కలను చాలాసేపు చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, కాకినాడ మనిషి, ఎవరినీ నొప్పించి మాట్లాడరు, చూడమ్మా, నీ లెక్కలో తప్పుందని నేననను, కానీ కంపెనీ వాళ్ళు గనిలోకి వెళ్ళనిచ్చారు, వివరాలిచ్చారు, రేపు వాళ్ళ ఆఫీసరు కూడా వస్తున్నాడు, పైగా అది మీ నాన్నగారు పనిచేసిన చోటు, కూతురు కాబట్టి అలా తేల్చిందంటారు, ఈ ఒక్క బొమ్మ తీసేసినా నీ థీసిస్ నిలబడుతుంది, డిగ్రీ చేతికొచ్చాక పేపరు రాసుకుందాం, సరే సార్ అంది ఆమె, అంత తొందరగా ఒప్పుకుంటుందని ఆయన అనుకోలేదు, వాదిస్తుందేమోనని సిద్ధపడి కూర్చున్న మనిషి కాస్త వెలవెలబోయారు, ఆఫీసరు కోసం కాదు సార్, వెనక వరసలో తెల్లచొక్కా వేసుకుని కూర్చునే మనిషి కోసం అని ఆయనకెలా చెప్పాలి.

క్యాంపస్‌లో నాన్న పక్కన నడవడం కష్టం, చాలా నెమ్మదిగా నడుస్తాడు, తల కొంచెం ముందుకు వంచి, నెత్తిమీద కప్పు ఎప్పుడూ తక్కువ ఎత్తులో ఉన్నట్టు, ఇక్కడ చెట్లు ఎంత ఎత్తున్నాయో చూడు నాన్నా తల ఎత్తు అందామనిపిస్తుంది, ఆర్ట్స్ కాలేజి ముందు ఎవరో పెళ్ళికి ముందు ఫొటోలు దిగుతున్నారు, నల్లకోటు, మెరుపుల గౌను, నాన్న ఆగి చూశాడు, మీ అమ్మ ఉంటే నవ్వుతుండె, అన్నాడు, మళ్ళీ నడిచాడు, అమ్మ మాట ఆయన తీయడమే అరుదు, తీస్తే అంతే, సగం వాక్యం, పూర్ణిమ కొలతల కోసం గనిలోకి దిగిన రోజు కూడా ఫోనులో అమ్మ మాట తీయలేదు, ఉక్క మస్తుగున్నదా అని మాత్రం అడిగాడు, ఉక్క కాదు నాన్నా, ఆవిరి, టోపీ దీపం వెలుతురులో తన ఊపిరి తనకే కనిపించింది, మాస్కు చెమటకు తడిసి ముక్కుకు అంటుకుపోతే గదవ కిందికి లాక్కుంది, అప్పుడర్థమైంది ఆ కరోనా ఎండాకాలం గనివాళ్ళంతా మాస్కులు ఎందుకు కిందికి లాక్కున్నారో, సంచిలోంచి గాజుగొట్టం తీసి రబ్బరు బుడ్డి నొక్కింది, గాలి ఎటు పోతుందో చూసే తెల్లపొగ, పొగ సొరంగంలోంచి బయటికి పోయింది, మూల దగ్గర ఒక్కక్షణం తటపటాయించినట్టు నిలిచింది, ఆ తర్వాత వంగి, ఎవరో పిలిచినట్టుగా, ఫ్యాను నోట్లోకి పోయింది, కేబుల్ అక్కడిదాకానే అందుతుందని ఎప్పుడో బిగించిన ఫ్యాను, ఇన్నేళ్ళయినా అక్కడే ఉంది, మళ్ళీ నొక్కింది, మళ్ళీ పోయింది, చెయ్యి నొప్పి పుట్టేదాకా నొక్కుతూనే ఉంది, ఒక్కసారైనా ఫ్యానులోకి కాక బయటికి పోతుందేమోనని.

ఎందుకంటే ఆమె ఈ పని మొదలుపెట్టింది దీనికి కాదు, ఇంట్లోకి కరోనా గనిలోంచి రాలేదని తేల్చడానికి, రెండో వేవ్‌లో హాస్టల్ ఖాళీ చేయమంటే కిటకిటలాడే బస్సులో బొగ్గుబావి కాలనీలోని ఇంటికి వెళ్ళింది, పక్కసీటు ముసలాయన దారంతా తుమ్ముతూనే ఉన్నాడు, అదే వారంలో నాన్నతో ఒకే ఫేసులో పనిచేసే వెంకటేశం కాక దగ్గుతూ డ్యూటీకి వచ్చాడు, ఆ తర్వాత ఇంట్లో ముగ్గురికీ జ్వరమే, ఎవరికి ముందో ఎవరికి వెనకో చెప్పలేనట్టు ఒకరి మీద ఒకరు, నాన్న లేచాడు, తను లేచింది, అమ్మ లేవలేదు, ప్రమీలమ్మ గట్టి మనిషి, ఆమెకేమైతది అన్నారు అందరూ, ఆస్పత్రి వరండాలో మంచం దొరికింది కానీ సిలిండరు దొరకలేదు, అమ్మ కళ్ళు పెద్దవి చేసి గాలిని వెతికింది, గాలి అంతటా ఉంది, చెట్లు ఊగుతున్నాయి, అమ్మ లోపలికి మాత్రం పోలేదు, మట్టిచేసి వచ్చాక వాకిట్లో దూరంగా నిలబడి మేనత్త శివమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది, పట్నంకెళ్ళి రోగం ఈ పిల్లనే తెచ్చింది, తల్లిని మింగింది, పూర్ణిమ గోడకు ఆనుకుని ఉంది, అప్పుడు నాన్న, అప్పటిదాకా నోరు విప్పని మనిషి, అది గాదు, నేను తెచ్చిన, బాయికెళ్ళి నేనే తెచ్చిన అన్నాడు, అత్త నోరు మూసుకుంది, ఆ రోజు నుంచి ఆయన కూతురి ముఖంలోకి సూటిగా చూసి మాట్లాడలేదు, మాట్లాడతాడు, అన్నం తిన్నవా, పదిలం, కుక్కలొస్తయి, కళ్ళు మాత్రం ఎక్కడో నేలమీద, చెయ్యని తప్పు మోస్తున్నాడని, భార్యను తనే చంపుకున్నానని కుమిలిపోతున్నాడని ఆమెకు అర్థమైంది, నీది కాదు నాన్నా అని చూపించాలి, లెక్కలు కట్టి చూపించాలి, గనిలోంచి రాలేదంటే ఇక మిగిలేది తనే, ఆ బస్సే, సరే, తనే అని తేలినా సరే అనుకుంది, అలా అనుకోగలిగినందుకు తనను తాను కొంచెం మెచ్చుకుంది కూడా, ఆ తర్వాత పొగ వంగి ఫ్యానులోకి పోయింది.

సెమినార్ హాలుకు కిటికీలున్నాయి కానీ ఏసీ కోసం మూసేశారు, లోపల ఇంతమంది, మధ్యాహ్నం భోజనాలు చేసి వచ్చినవాళ్ళు, ఆవలింతలు, ఎవరో చివర తుమ్మారు, ఆ తుమ్ము ఎటు పోతుందో ఆమె కళ్ళు చూడకుండానే చూశాయి, నాన్న వెనక వరసలో గోడవైపు కూర్చున్నాడు, చేతులు మోకాళ్ళ మీద, పెళ్ళిచూపుల్లో పెద్దమనిషిలా, ముందు వరసలో కంపెనీ ఆఫీసరు శశిభూషణ్, చిన్నవాడే, నవ్వుముఖం, తనకన్నా రెండు మూడేళ్ళు పెద్ద ఉంటాడేమో, గనిలోకి దిగిన రోజు ఆమెకు బూట్లు సరిపోకపోతే వేరే జత వెతికించి పెట్టింది ఈయనే, గీతలు వచ్చాయి, అంకెలు వచ్చాయి, తేమ ఎక్కువైతే తుంపరలు ఎలా ఉంటాయో, గొట్టం దూరమైతే ఫేసు దగ్గర గాలి ఎలా మందగిస్తుందో చెప్పింది, ఆ బొమ్మ ఉండాల్సిన చోట ఒక పట్టిక వచ్చింది, వెళ్ళింది, వెంకటసుబ్బారావు గారు తల ఊపారు, అయిపోయింది, అందరూ చప్పట్లు కొట్టారు, నాన్న కూడా, మిగతావాళ్ళు ఆపాక కూడా.

ఒక్క చిన్న డౌట్ మేడం అని శశిభూషణ్ లేచాడు, అడిగింది ఇంగ్లీషులోనే, పని చాలా బాగుంది, కానీ అసలు సోర్స్ అండర్‌గ్రౌండ్ కాదని మా ఫీలింగ్, గనిలో ఆడినంత గాలి సినిమా హాల్లో కూడా ఆడదు, అప్పట్లో మేము గమనించిందేంటంటే హాస్టల్స్ క్లోజ్ అయ్యాక సిటీ నుంచి కాలనీలకు స్టూడెంట్స్ వచ్చారు కదా, వాళ్ళతోనే ఇళ్ళల్లోకి వచ్చింది, ఇళ్ళ నుంచే వర్కర్స్‌కి, అది కూడా థీసిస్‌లో రాస్తే బ్యాలెన్స్‌డ్‌గా ఉంటుంది, మామూలుగానే అన్నాడు, ఏ దురుద్దేశమూ లేదు, కానీ హాస్టలు, సిటీ, స్టూడెంట్సు, ఈ మాటలు తెలియనిదెవరికి, వెనక వరసలో నాన్న తల పైకి లేచింది, ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి ఆయన కళ్ళు నేరుగా ఆమె మీదికి వచ్చాయి, హాలంతా వాకిలైపోయింది, వీపు వెనక గోడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న శివమ్మ అత్త, ఈ పిల్లనే, ఈ పిల్లనే, ఆమె వేలు తన ప్రమేయం లేకుండానే ఇంకో ఫైలు మీదికి పోయింది, తెర మీద సొరంగం తెరుచుకుంది, నేనూ అలాగే అనుకున్నాను సార్ అన్న తన గొంతు తనకు వినిపించింది, తెలుగులో, ఎందుకో తెలుగులోనే, కానీ ఇది చూడండి, ఇదుగో ఫ్యాను, ఇక్కడ ఉండకూడదు, ఇతను మొదట దగ్గిన మనిషి, ఈ గాలి బయటికి పోవడం లేదు, తిరిగి వస్తోంది, ఈ ఫేసులో పనిచేసిన వాళ్ళకు ఇక్కడే అంటుకునే అవకాశం ఇళ్ళల్లో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ, ఇక్కడి నుంచే ఇళ్ళకు పోయింది, ఎర్రచుక్కలు పోతున్నాయి, వస్తున్నాయి, చిక్కబడుతున్నాయి, వెనక వరసలో కుర్చీ చప్పుడు, నాన్న లేచి, ముందున్నవాళ్ళకు అడ్డం రాకుండా అలవాటుగా తల వంచుకుని, బయటికి వెళ్ళిపోయాడు.

ఏం చేశావు, ఏం చేశావు, నాన్నను విడిపించడానికి మొదలుపెట్టి నిన్ను నువ్వు విడిపించుకున్నావు, అందరి ముందూ, ఆయన ముందే, తనే అని తేలినా సరే అనుకున్నదానివి ఒక్క ప్రశ్నకు ఆగలేకపోయావు, శశిభూషణ్ ఇంకా నవ్వుతూనే ఈ ఫిగర్‌కి మా పర్మిషన్ లేదు కదా సార్ అంటున్నాడు, మళ్ళీ లెటర్ రావాలి, అప్పటిదాకా సబ్మిట్ చేయకండి, గైడు గారు తల ఊపుతున్నారు, అందరూ వెళ్ళాక ఆయన ప్రొజెక్టరు తీగ చుడుతూ, నిన్న సరేనన్నావు కదమ్మా అన్నారు, కోపం లేదు, అలసట, ఎన్నాళ్ళు పడుతుంది సార్, చెప్పలేనమ్మా, ఇస్తారో లేదో కూడా చెప్పలేను, నేను మాట్లాడి చూస్తాను, కానీ ఆ బొమ్మ తప్పు కాదు, అది మాత్రం చెబుతాను ఎవరడిగినా, ఆమె చేతులు జోడించింది, పరుగులాంటి నడకతో ఇంటికి పోతే తాళం వేసి ఉంది, పక్కింటి భారతమ్మ మెట్లమీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది, మీ నాయన రాలే బిడ్డా, పొద్దుగాల తెల్లంగి తొడిగి పోయిండు గంతే, ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు, మళ్ళీ క్యాంపస్, మళ్ళీ చెట్లు, ఏ బెంచీ మీద ఎవరు తెల్లచొక్కాలో కనిపించినా ఆయనే, దగ్గరికి పోతే కాదు, రైలు పట్టాలు గుర్తొచ్చాయి, ఛీ, ఏం ఆలోచన అది, తార్నాక వైపు నడిచింది, రోజూ సాయంత్రం ఆయన టీకి అటే పోతాడు.

తార్నాక చౌరస్తాలో సాయంత్రం రద్దీ, మెట్రో పట్టాల కింద దుమ్మూ పొగా కదలకుండా నిలబడి ఉన్నాయి, మౌలాలి బస్సు వచ్చి జనాన్ని దింపి జనాన్ని మింగి పోయింది, అది పోయాక బస్‌స్టాప్ బెంచీ చివర ఆయన కనిపించాడు, చొక్కా గుండీ ఒకటి విప్పుకుని, ఎక్కడికీ పోయే మనిషిలా లేడు, ఆమె పక్కన కూర్చుంది, ఏమనాలో ముందే అనుకున్న మాటలన్నీ పోయాయి, ఆయనే అడిగాడు, గా ఎర్రచుక్కలు ముందుగాల ఎవలియి, వెంకటేశం కాకవి నాన్నా, వాడు దగ్గుడు యాదికే ఉన్నది, జెర దూరముండురా అన్న, దూరం ఏడున్నదే ఇన్నయ్యా అన్నడు, గాడ దూరం ఏడుంటది, పాపం వాడు గూడ పాయె, మరి గా బొమ్మల నేనేది అన్నాడు, ఆమెకు ఏడుపొచ్చింది, గొట్టం మూతి దగ్గర నిలబడ్డది నాన్నా, గాలికోసమని నువ్వు గాడనే నిలబడేటోన్నని చెప్పినవు గదా, ఆయన తల ఊపాడు, అవు, గాడ సల్లగుండేది, అంటే నాకు బాయిలనే అంటుకున్నది, నాన్నా నీ తప్పేం లేదు అండ్ల, ఫ్యాను అట్ల పెట్టినోల్లది తప్పు, చూడనోల్లది తప్పు, నువ్వు గాలి పీల్చినవు అంతే, ఎవలైనా ఏం చేస్తరు, ఆయన చెయ్యి ఎత్తాడు, అదంత కాదు బిడ్డా, అది నీకూ మీ సార్‌కూ, నాకు ఒక్కటే చెప్పు, మీ అమ్మకు నా కాడికెళ్ళే వచ్చింది, నీ కాడికెళ్ళి గాదు, తేలిపోయినట్టేనా.

తేలలేదు, ఏ లెక్కా అలా తేల్చదు, అవకాశం ఎక్కువ అని మాత్రమే చెబుతుంది, ఆ బస్సూ ఆ తుమ్ములూ ఎక్కడికీ పోలేదు, అమ్మ గుండెల్లోకి ఎవరి ఊపిరి పోయిందో చెప్పగల యంత్రం ఈ భూమ్మీద లేదు, ఇది ఆయనకు చెప్పాలి, కానీ ఆయన ఆమె ముఖంలోకే చూస్తున్నాడు, కళ్ళు తిప్పడం లేదు, తేలిపోయింది నాన్నా అంది, ఆయన భుజాలు దిగాయి, ఏదో పెద్ద బరువు కింద పెట్టిన కూలీ భుజాల్లా, ముఖం సాఫీ అయింది, మంచిగైంది బిడ్డా అన్నాడు, మంచిగైంది, మీ అత్త అన్నది తప్పన్నట్టే, ఇగ నువ్వు మనసుల ఏం పెట్టుకోకు, మంచిగైందేమిటి, భార్యను చంపింది తన ఊపిరేనని చెబితే మంచిగైందనే మనిషెవరు, బస్సులు హారన్లు కొడుతున్నాయి, ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుంటున్నాడు, తుడుచుకుంటూ నవ్వినట్టున్నాడు, అప్పుడు ఆ వాకిలి, ఆ మాట, నేనే తెచ్చిన అన్న మాట ఇంకోలా వినిపించింది, అది కుమిలిపోతున్న మనిషి ఒప్పుకోలు కాదు, శివమ్మ నోరు మూయించడానికి అప్పటికప్పుడు అడ్డం వేసిన చెయ్యి, వెంకటేశం దగ్గు తెలుసు కానీ ఆ గాలి తిరిగి వస్తుందని ఆయనకు అప్పుడు తెలియదు, నమ్మింది ఒక్కటే, బిడ్డ పట్నం నుంచి వచ్చింది, ఇంట్లో జ్వరాలొచ్చాయి, ఆయన కూతురి ముఖంలోకి చూడకపోయింది తప్పు మోస్తున్నందుకు కాదు, చూస్తే తన కళ్ళలో ఆమెకు ఏం కనిపిస్తుందోనని, నాన్న కూడా అత్త అనుకున్నదే అనుకున్నాడు, అనుకుంటూనే అన్నం తిన్నవా అని అడిగాడు, అనుకుంటూనే ఆమె ఇంటికి వచ్చి ఆమె పెట్టింది తిన్నాడు, ఎవరికీ చెప్పకుండా, ఆమెకు తెలియనివ్వకుండా, అమ్మను తీసుకుపోయింది ఈ పిల్లేనని ఇన్నాళ్ళూ నమ్ముతూనే, ఈ పిల్లను విడిచిపెట్టలేదు.